నీళ్ళున్న ఇల్లు, ఈత రాని ఆడపిల్ల

(మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇళ్ళలో ఉండే ఈతకొలనుల గురించి నేను మాట్లాడతానని కార్యక్రమ పత్రంలో చూసి మీలో కొందరు నవ్వుకుని ఉంటారు. కూలి రేట్ల గురించి, భూమి పట్టాల గురించి, గృహహింస గురించి మాట్లాడుకునే చోట ఈతకొలనుల ప్రసక్తి ఏమిటి, అది డబ్బున్నవాళ్ళ వ్యవహారం కదా అనిపించడం సహజమే. ఇంటి వెనక ఈతకొలను ఉన్నవాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండకపోవచ్చు. అయినా ఇది మన విషయమేనని నేను నమ్ముతున్నాను. నీళ్ళు ఎవరి ఆవరణలో ఉన్నాయి, వాటిలోకి దిగడానికి ఎవరు అనుమతి ఇవ్వాలి, ఆ అనుమతి దొరకనివాళ్ళు ఏమవుతారు అన్నవి హక్కుల ప్రశ్నలు. వాటిని మనం కాక ఇంకెవరు అడుగుతారు?

ముందుగా చావుల గురించి చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తంలో సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. పదిమందిలో తొమ్మిదిమంది తక్కువ ఆదాయం, మధ్యస్థ ఆదాయం ఉన్న దేశాలవాళ్ళు. నలుగురిలో ఒకరు అయిదేళ్ళ లోపు పిల్లలు. మన దేశంలో పోలీసు లెక్కలకు ఎక్కినవే ఏటా 30,000కు పైగా ఉంటున్నాయి. వేసవి సెలవుల్లో మన జిల్లా పత్రికలు తెరిస్తే కాలువలో ఇద్దరు, చెరువులో ముగ్గురు, క్వారీ గుంటలో అన్నాచెల్లెళ్ళు అంటూ రోజూ ఏదో ఒక వార్త. కలరాతోనో మలేరియాతోనో ఇంతమంది పోతే అంటువ్యాధి అంటాం, వైద్య బృందాలు దిగుతాయి. నీళ్ళలో పోతే మాత్రం విధి అని ఊరుకుంటాం. కేంద్ర ఆరోగ్య శాఖ ఈ చావుల నివారణకు ఒక వ్యూహ పత్రాన్ని 2023 డిసెంబరులో గాని తీసుకురాలేదు.

మునిగి చనిపోయేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. నీళ్ళ దగ్గరికి వెళ్ళేది, దూకేది, వేటకు పోయేది ఎక్కువగా వాళ్ళు కాబట్టి. కాని నీళ్ళే మన దగ్గరికి వచ్చినప్పుడు ఈ లెక్క తారుమారవుతుంది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో వేసిన లెక్కల్లో తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన స్త్రీలు 391 మంది, పురుషులు 146 మంది. ఆ వేళకు ఆడవాళ్ళు పడవల కోసం ఒడ్డున ఎదురుచూస్తూ ఉండడం ఒక కారణం. పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తవలసి రావడం ఇంకొకటి. ఈత రాకపోవడం, చెట్టెక్కడం రాకపోవడం మరొకటి. ఈ రెండు విద్యలూ మగపిల్లలకు ఎవరూ బడి పెట్టి నేర్పలేదు. వాళ్ళు ఆడుకుంటూ నేర్చుకున్నారు, ఆడపిల్లలకు ఆ ఆటలే లేవు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన లాంటి ఉప్పెనను ఈత ఒక్కటే ఆపుతుందని నేననను. కాని ప్రాణం కోసం చెయ్యాడించే అవకాశమైనా ఉండాలి కదా. ఆ అవకాశాన్ని ఆడపిల్లకు చిన్నప్పుడే తీసేస్తున్నాం.

ఇక ఇంటి కొలను విషయానికి వస్తాను. ఈ సమస్య చట్టం దాకా వెళ్ళిన చోటు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం. మన పల్లెల్లో పెరటి బావి ఎంత మామూలో అక్కడ పెరటి ఈతకొలను అంత మామూలు. మన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ చాలా ఉన్నాయి. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లల చావులకు మొట్టమొదటి కారణం నీళ్ళలో మునగడం, అందులోనూ ఎక్కువ భాగం ఇంటి కొలనుల్లోనే. 2020 నుంచి 2022 వరకు ఆ దేశంలో ఏటా 4,500 మందికి పైగా ఇలా పోయారు. పెద్దవాళ్ళలో నూటికి 55 మంది జన్మలో ఒక్క ఈత పాఠం కూడా నేర్చుకోలేదని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో చెప్పింది. ఈత పాఠాలు నేర్చుకున్న నాలుగేళ్ళ లోపు పిల్లలకు మునిగే ప్రమాదం నూటికి 88 వంతులు తక్కువగా ఉన్నట్టు 2009లో వచ్చిన ఒక అధ్యయనం కనుక్కుంది. అంటే ఒక పక్క ఇంటింటా నీళ్ళు, ఇంకో పక్క ఈత రాని జనం.

అటువంటి చోట ఈత బాగా వచ్చిన ఒక స్త్రీ తన పెరటి కొలనులో చుట్టుపక్కల పిల్లలకు రుసుము తీసుకుని నేర్పడం మొదలుపెట్టిందనుకోండి. వారంలోగా పక్కింటివాళ్ళు పిల్లల కేకలు పడలేకపోతున్నామని, వీధిలో కార్లు ఆపుతున్నారని ఫిర్యాదు చేస్తారు. నివాస ప్రాంతంలో వ్యాపారం కూడదని నగరపాలక సంస్థ అంటుంది. డబ్బు తీసుకుని బయటివాళ్ళను దింపితే అది పబ్లిక్ కొలను అవుతుంది కాబట్టి హోటలు కొలనుకు ఉండే లైసెన్సు, తనిఖీలు, పరికరాలు అన్నీ ఉండాలని ఆరోగ్య శాఖ అనవచ్చు. ఇన్ని పెట్టుకునే స్తోమత ఆమెకు ఉండదు. పాఠాలు ఆగిపోతాయి. కొలను మాత్రం అక్కడే ఉంటుంది, పక్కింటి మూడేళ్ళ పిల్ల కూడా అక్కడే ఉంటుంది.

ఫ్లోరిడా చట్టం ఈ చిక్కును రెండు వైపుల నుంచి విప్పింది. ఈతకొలనులను నియంత్రించే 514వ అధ్యాయంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. సొంత కొలనును ఈత నేర్పడానికి వాడినప్పుడు దాన్ని పబ్లిక్ కొలనుగా నియంత్రించకూడదని దాని సారాంశం. రెండోది 2021లో వచ్చిన ఇంటి వ్యాపారాల చట్టం. ఇంటి నుంచి పని చేసుకునేవాళ్ళను ఇతర వ్యాపారాల కంటే ఎక్కువగా కట్టడి చేసే అధికారాన్ని అది నగరపాలక సంస్థల నుంచి తీసేసింది. షరతులు లేకపోలేదు. ఆ ఇంట్లో నివసించనివాళ్ళు ఇద్దరికి మించి అక్కడ పనిచేయకూడదు. మామూలు ఇంటికి వచ్చే బళ్ళ కంటే ఎక్కువ రాకూడదు. వీధిలోంచి చూస్తే అది ఇల్లులాగానే కనిపించాలి. అయితే ఇళ్ళ యజమానుల సంఘాలు తమలో తాము రాసుకున్న షరతులను మాత్రం ఈ చట్టం ముట్టుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన అపార్టుమెంట్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ కావాలి.

ఇందులో స్త్రీల కోణం ఏమిటంటే, మొదటిది పని. బీడీలు చుట్టే ఆమె, అప్పడాలు ఒత్తే ఆమె, మిషను కుట్టే ఆమె, సాయంత్రం ట్యూషన్లు చెప్పే ఆమె మనకు తెలిసినవాళ్ళే. ఇంట్లో కూర్చుని చేసేది పనే కాదని వాళ్ళకు కూలి తగ్గిస్తారు. అదే స్త్రీ నాలుగు డబ్బులు కళ్ళజూసే సరికి, పని అయితే ఇంట్లో చేయకూడదని నిబంధన చూపిస్తారు. పసిబిడ్డను వదిలి బయటికి వెళ్ళలేక ఇంటి దగ్గరే తన విద్యతో సంపాదించుకునే స్త్రీకి ఫ్లోరిడా అయినా పాతబస్తీ అయినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఇల్లు ఆమె చాకిరీకి మాత్రమే పనికొచ్చే స్థలమా, సంపాదనకు కూడా పనికొచ్చే స్థలమా?

రెండోది నేర్చుకునేవాళ్ళ సంగతి. ప్రజల ఈతకొలను అందరిదీ అంటాం. కాని తడిసిన బట్టలతో పదిమంది మగవాళ్ళ ముందు నడవలేని పిల్లకు, వద్దని కట్టడి చేసే ఇంట్లో పుట్టిన పిల్లకు, ఆ కొలను ఉన్నా లేనట్టే. న్యూయార్కు నగరంలో బ్రూక్లిన్‌లోని ఒక ప్రభుత్వ ఈతకొలనులో చాలా ఏళ్ళుగా స్త్రీలకు మాత్రమే కేటాయించిన గంటలు ఉండేవి. మత నియమాలు పాటించే యూదు స్త్రీలు ఎక్కువగా వచ్చేవారు. అది లింగ వివక్ష అని 2016లో ఫిర్యాదు వచ్చింది, పెద్ద చర్చ జరిగింది, చివరకు గంటలు తగ్గించి కొనసాగించారు. పబ్లిక్ స్థలంలో స్త్రీలకు విడిగా సమయం ఇవ్వడం సమానత్వమా కాదా అని మనలో కూడా భిన్నాభిప్రాయాలు ఉంటాయి, ఉండనివ్వండి. ఆ వాదన తేలేదాకా ఆ స్త్రీలు ఎక్కడ నేర్చుకోవాలి? తెలిసిన ఆడమనిషి ఇంట్లో, నాలుగు గోడల మధ్య కొలనులో అయితే ఈ పేచీ లేదు. మొదటిసారి తల ముంచి పైకి లేచిన యాభై ఏళ్ళ స్త్రీకి సిగ్గుపడవలసిన పని ఉండదు. ఇంటి కొలనుకు ఉన్న పెద్ద బలం ఇదే.

బలం ఉన్న చోటే ప్రమాదం కూడా ఉంది. నాలుగు గోడలు సిగ్గును దాచినట్టే నేరాన్నీ దాచగలవు. పిల్లల మీద లైంగిక హింస ఎక్కువగా తెలిసినవాళ్ళ వల్లనే, మూసిన తలుపుల వెనకనే జరుగుతుందని మనకు బాగా తెలుసు. ఈత నేర్పేటప్పుడు పిల్లల ఒంటిని పట్టుకోక తప్పదు. కాబట్టి ఇంటి కొలనులో పాఠానికి అనుమతి ఇవ్వాలని నేను వాదిస్తున్నప్పుడు, తలుపు తీసి ఉంచాలన్న షరతు కూడా అందులో భాగమే. తల్లో తండ్రో ఇంకో పెద్ద మనిషో చూపు ఆనే దూరంలో కూర్చోవాలి. ఒక్క పిల్లతో ఒంటరిగా పాఠం ఉండకూడదు. ఎక్కడ పట్టుకుంటారో, ఎందుకు పట్టుకుంటారో పిల్లకు ముందే చెప్పాలి. వద్దంటే ఆపాలి.

నీళ్ళ ప్రమాదాలు కొన్ని మనకు కనిపించేవి, కొన్ని కనిపించనివి. కొలను అడుగున నీళ్ళు లాగే గొట్టం ఉంటుంది. దాని మూత ఊడినా పగిలినా ఆ పీల్పు మనిషిని పట్టేస్తుంది. పొడుగు జుట్టు అందులో చిక్కుకుంటే పెద్దవాళ్ళు కూడా పైకి రాలేరు. జడలు వేసుకునే మన ఆడపిల్లల విషయంలో ఇది మొదట చూడవలసిన సంగతి. జుట్టు గట్టిగా ముడివేసి టోపీ పెట్టాలి, మూత రోజూ చూడాలి, మోటారు ఆపే స్విచ్చి ఎక్కడుందో పాఠం చెప్పే ఆమెకు తెలిసి ఉండాలి. కొలను చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలి. ఫ్లోరిడాలో 2000 అక్టోబరు తర్వాత కట్టిన ఇంటి కొలనులకు కంచె గాని, మూత గాని, తలుపు తెరిస్తే మోగే అలారం గాని, ఏదో ఒక రక్షణ తప్పనిసరి చేశారు. ఇవి కాక నేర్పే ఆమెకు గుండె ఆగిన మనిషికి ఊపిరి పోయడం, ఛాతీ నొక్కడం వచ్చి ఉండాలి. ఒక పొడుగాటి కర్ర, ఒక తాడు గట్టున ఉండాలి. ఇవేమీ లక్షల ఖర్చు కావు. హోటలు కొలను నిబంధనలన్నీ ఇంటి మీద రుద్దడం ఒక తప్పు, అసలు ఏ నిబంధనా లేకుండా వదిలేయడం ఇంకో తప్పు.

ఇక్కడిదాకా విన్నవాళ్ళు, ఇంటి కొలనుల్లో అనుమతి ఇస్తే చాలు కదా, సమస్య తీరినట్టే కదా అనుకోవచ్చు. అమెరికా చరిత్రే దానికి అడ్డం వస్తుంది. అక్కడి నగరాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రజల కోసం ఈతకొలనులు కట్టించినప్పుడు ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరువేరు రోజులు ఉండేవి. 1920ల నుంచి ఇద్దరినీ కలిపి దింపడం మొదలుపెట్టారు. జెఫ్ విల్ట్సీ అనే చరిత్రకారుడు 2007లో రాసిన పుస్తకంలో ఒక విషయం ఎత్తి చూపాడు. ఉత్తరాది నగరాల్లో నల్లజాతివాళ్ళను కొలనుల నుంచి గట్టిగా గెంటివేయడం సరిగ్గా ఆ తర్వాతే మొదలయింది. తెల్ల స్త్రీలు ఉన్న నీళ్ళలో నల్ల పురుషుడు ఉండకూడదన్నది కారణం. మన శరీరాల మర్యాద పేరు చెప్పి ఇంకొకరిని నీళ్ళ నుంచి వెళ్ళగొట్టడం ఎక్కడైనా విన్నట్టుందా? కులం గురించి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కథ కాదు.

ఫ్లోరిడాలోనే సెయింట్ ఆగస్టీన్ అనే ఊళ్ళో 1964 జూన్ 18న నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి ఒక మోటెల్ కొలనులోకి దిగి నిరసన తెలిపారు. మోటెల్ యజమాని వాళ్ళుండగానే ఆ నీళ్ళలో యాసిడ్ పోశాడు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. తర్వాత కోర్టులు అందరినీ రానివ్వాలన్నప్పుడు కొన్ని నగరాలు అందరికీ కలిపి కొలనులే మూసేశాయి. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరం అలా మూయడం తప్పు కాదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురి తేడాతో తీర్పు చెప్పింది. డబ్బున్న తెల్లవాళ్ళు ప్రైవేటు క్లబ్బులకు, సొంత పెరళ్ళకు వెళ్ళిపోయారు. 1950లో సుమారు 2,500 ఇళ్ళకు మాత్రమే ఉన్న కొలనులు శతాబ్దం చివరికి 40 లక్షలకు చేరాయి. ఫలితం ఇప్పటికీ కనిపిస్తోంది. ఈతకొలనుల్లో మునిగి చనిపోయే పది నుంచి పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లల రేటు తెల్లపిల్లల కంటే ఏడు రెట్లకు పైగా ఎక్కువ. ప్రజల కొలను మూతబడిన తర్వాత మూడు తరాలు ఈత రాకుండా పెరిగితే జరిగేది ఇది. ఈత రాని తల్లి బిడ్డను నీళ్ళ దగ్గరికి వెళ్ళనివ్వదు, ఆ బిడ్డ తల్లయ్యాక తన బిడ్డనూ వెళ్ళనివ్వదు.

కాబట్టి నా వాదన రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. ఇంటి కొలనులో ఈత నేర్పడానికి అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతిని చూపించి ప్రభుత్వం తన కొలనుల నుంచి, తన బాధ్యత నుంచి తప్పుకోవడానికి వీల్లేదు. ఫ్లోరిడా ప్రభుత్వం 2024లో పేద కుటుంబాల్లోని చిన్నపిల్లలకు ఈత పాఠాల రుసుము కోసం వోచర్లు ఇచ్చే పథకం పెట్టింది. ఇంటి కొలనును విడిచిపెట్టే చట్టం ఒక్కటే చాలదని ఆ రాష్ట్రానికి కూడా అర్థమయిందన్నమాట.

మనకు ఇంకా దగ్గర ఉదాహరణ బంగ్లాదేశ్. అక్కడ వరదకు మునగకుండా ఇంటి అరుగు ఎత్తు చేయడానికి పక్కనే మట్టి తవ్వుతారు, ఆ గుంట కొలను అవుతుంది. స్నానం, చేపలు, అంట్లు తోమడం అన్నీ అందులోనే. పసిపిల్లలు పడిపోయేదీ అందులోనే. అక్కడి పరిశోధకులు, ఆరోగ్య కార్యకర్తలు ఆ నీళ్ళనే బడిగా మార్చారు. గుంటలో ఒక మూల వెదురుతో నీటి అడుగున తడిక వేదిక కట్టి, చుట్టూ వెదురు దడి పెట్టి, ఊళ్ళోని యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి, నాలుగేళ్ళు దాటిన పిల్లలకు నేర్పించారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం, మునుగుతున్నవాళ్ళను తాము దూకకుండా కర్ర అందించి లాగడం, పాఠం ఇంతే. నాలుగేళ్ళ లోపు పిల్లలకు తల్లులు పనిలో ఉండే ఉదయం పూట ఊళ్ళోనే శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఈ కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో మునిగి చనిపోవడం నూటికి 80 వంతులకు పైగా, ఈత నేర్చిన పిల్లల్లో 90 వంతులకు పైగా తగ్గింది. పాలరాయి లేదు, నీలిరంగు పలకలు లేవు. వెదురు, తాడు, శిక్షణ పొందిన మనిషి. 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ విషయం మీద మొదటి తీర్మానం చేసి జూలై 25ను మునక నివారణ దినంగా ప్రకటించిందంటే, ఐర్లండుతో కలిసి దాన్ని ముందుకు తెచ్చింది బంగ్లాదేశే.

మరి మన దగ్గర? మన పల్లెల్లో మగపిల్లలు ఈత నేర్చుకున్నది ప్రైవేటు నీళ్ళలోనే. ఎవరో రైతు మోటబావి, దిగుడు బావి. నడుముకు సొరకాయ బుర్రో బెండో కట్టి మామయ్య పైనుంచి తోసేస్తే పిల్లవాడు నాలుగు రోజుల్లో తేలేవాడు. ఆ బావిలోకి ఆడపిల్ల దిగేది కాదు, గట్టున బట్టలకు కాపలా కూర్చునేది. దళితవాడ పిల్లవాడు గట్టు కూడా ఎక్కేవాడు కాదు. బతుకమ్మను చెరువులో ఓలలాడించేది ఆడవాళ్ళు, చాకిరేవులో నడుము లోతు నీళ్ళలో నిలబడేది ఆడవాళ్ళు, బిందెతో బావికి పోయేది ఆడవాళ్ళు. రోజూ నీళ్ళతో బతికేవాళ్ళకు ఆ నీళ్ళలో ఒక్క బార వేయడం రాదు.

ప్రైవేటు అన్న మాట మన దగ్గర ఎంత పని చేసిందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 1927 మార్చి 20న మహాడ్‌లోని చవదార్ చెరువు నీళ్ళను డాక్టర్ అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు తాకారు. తర్వాత కొందరు సవర్ణులు కోర్టుకు వెళ్ళి ఆ చెరువు తమ ప్రైవేటు ఆస్తి అని వాదించారు. ఆ వాదన చెల్లదని బొంబాయి హైకోర్టు చెప్పడానికి 1937 దాకా పట్టింది. మన రాజ్యాంగంలోని 15వ అధికరణ ప్రభుత్వ ధనంతో నడిచే లేదా ప్రజల ఉపయోగానికి అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాల్లో వివక్ష కూడదని చెప్తుంది. సొంత ఆవరణలోని నీళ్ళ గురించి ఆ వాక్యం మాట్లాడదు. నగరాల్లో ఇప్పుడు కొత్త నీళ్ళన్నీ ఆ ఆవరణల్లోనే పుడుతున్నాయి.

నేను పనిచేసే బస్తీని ఆనుకుని ఒక పెద్ద అపార్టుమెంట్ల సముదాయం ఉంది. దాని మధ్యలో ఈతకొలను ఉంది. అందులో నివసించే ఒక రిటైరయిన వ్యాయామ ఉపాధ్యాయురాలు తన ఇంట్లో పనిచేసే ఆమె ఇద్దరు కూతుళ్ళకు మధ్యాహ్నం పూట, కొలను ఖాళీగా ఉండే వేళ, ఉచితంగా ఈత నేర్పడం మొదలుపెట్టింది. నాలుగో రోజు అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. బయటివాళ్ళకు ప్రవేశం లేదు, ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు, నీళ్ళ పరిశుభ్రత ఏం కావాలి అని. బాధ్యత గురించి అడగడం న్యాయమే. ఆవిడ తానే బాధ్యత వహిస్తానని, డాక్టరు చీటీ తెస్తామని, స్నానం చేయించి దింపుతానని, తల్లి కూడా కూర్చుంటుందని రాసి ఇచ్చింది. అయినా కుదరదన్నారు. వాళ్ళ అపార్టుమెంట్లకే వేరే ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాల పిల్లలకు మాత్రం ఏ చీటీ అడగరు. పరిశుభ్రత అన్న మాటకు అక్కడ అర్థం ఏమిటో మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తల్లి నాతో అన్నమాట ఒకటే. "మా అమ్మగారి ఊళ్ళో ఇంటి ముందరే కాలువ అక్కా. ప్రతి ఎండాకాలం పిల్లల్ని అక్కడికే పంపాలి, ఇక్కడ చూసేవాళ్ళు లేరు. అందుకే టీచరమ్మని నేర్పించమని అడిగాను." సరదా కోసం అడగలేదు ఆమె. ఏడాదికి రెండు నెలలు తన పిల్లలు కాలువ గట్టున ఉంటారు, తాను ఇక్కడ అంట్లు తోముతూ ఉంటుంది. ఆ రెండు నెలల భయానికి మందు ఆమె రోజూ దాటిపోయే కొలనులోనే ఉంది.

కాబట్టి మన సంస్థలు చేయగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను. నివాస సంఘాల నియమావళిలో శిక్షణ పొందిన నివాసి ఈత నేర్పడానికి, నివాసుల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలకు కూడా నేర్పడానికి వీలు కల్పించే నిబంధన ఉండాలని మనం అడగాలి. ఏ షరతులతో అన్నది మనమే రాసి ఇవ్వాలి. గట్టున ఇంకో పెద్ద మనిషి, తీసి ఉంచిన తలుపు, రక్షణ కర్ర, ప్రథమ చికిత్స తెలిసిన నేర్పరి, నీళ్ళ పరీక్ష, ఇన్ని ఉంటే కాదనడానికి కారణం ఉండదు. కొలను శుభ్రం చేసే కార్మికులకు క్లోరిన్ నుంచి రక్షణగా చేతితొడుగులు, ముఖానికి గుడ్డ కాకుండా సరైన ముసుగు ఇవ్వాలని కూడా ఆ కాగితంలోనే రాయాలి. మునిసిపల్ కొలనుల్లో స్త్రీలకు వేళలు ఉండాలి, స్త్రీలే నేర్పాలి, బస్తీ పిల్లలకు రుసుము ఉండకూడదు. ఎందుకు మూతబడిందో తెలియకుండా మూతబడిన కొలను మీ ఊళ్ళో ఉంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. కాలువ ఊళ్ళలో, చెరువు ఊళ్ళలో వెదురు దడితో పాఠం చెప్పగలిగే యువతులకు శిక్షణ ఇవ్వడం మన సంఘాలకు అసాధ్యమైన పనేమీ కాదు. అంగన్‌వాడీ ఉదయం పూట సరిగ్గా నడిస్తే చాలు, నాలుగేళ్ళ లోపు పిల్లలు సగం గండం దాటినట్టే.

ఈత అనేది డబ్బున్నవాళ్ళ వినోదం అనుకున్నంతకాలం అది వాళ్ళ పెరట్లోనే ఉంటుంది. అక్షరం కూడా ఒకప్పుడు అలాగే కొందరి ఇళ్ళలో ఉండేది. ఎవరి అరుగు మీద ఎవరు చదువుకోవచ్చు అన్న గొడవలు మన అమ్మమ్మల కాలంలో జరిగాయి. ఆ అరుగు ఖాళీగా ఉంటే దాని మీద బడి పెట్టాలని, దాంతోపాటు ఊరి బడి కూడా కట్టాలని అప్పటివాళ్ళు అడిగారు. నీళ్ళ విషయంలో మనం అడగవలసింది కూడా అంతే.

ఈ ఎండాకాలం రాకముందే మీ ప్రాంతంలో ఎవరి ఆవరణలో నీళ్ళున్నాయో, ఈత వచ్చిన స్త్రీలు ఎవరున్నారో ఒక జాబితా తయారు చేయండి. వచ్చే సమావేశానికి ఆ జాబితాలతో కలుద్దాం. సెలవు.